కొత్తరెడ్డిపాలెం యూదులు: పని, ఇల్లు, శనివారం

గుంటూరు జిల్లాలో తెలుగు యూదులు ఉన్నారంటే బెంగళూరులో స్థిరపడిన మనవాళ్ళలో చాలామంది నమ్మరు. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో కొన్ని కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయిం, అంటే ఎఫ్రాయిము సంతానం అని చెప్పుకుంటాయి. ఎఫ్రాయిము యోసేపు చిన్న కొడుకు. ఇజ్రాయేలీయుల్లో చెదిరిపోయిన గోత్రాల్లో ఆయనదొకటి, తాము ఆ వంశమేనని వీరి నమ్మకం. వీరు మాదిగ కుటుంబాలవారు, అంతకుముందు బాప్టిస్టు క్రైస్తవులు. షమూయేలు యాకోబి, సదోక్ యాకోబి అనే అన్నదమ్ములు ముందు నిలబడగా 1990ల మొదట్లో ఊళ్ళో సినగాగు, అంటే యూదుల ప్రార్థనామందిరం, వెలిసింది. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ వీరిపై పరిశోధన చేసి 2013లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చారు. వంశం సంగతి పండితులు తేల్చుకుంటారు. వీరి వారం ఎలా గడవాలని ఆ మతం చెబుతుందో, అందులో చిక్కెక్కడుందో తెలుసుకోవడం మనకు ముఖ్యం.

హీబ్రూలో 'అవోదా' అన్న ఒక్క మాటే పనికీ, దైవసేవకీ వాడతారు. ఏడో రోజు ఆగమన్న ఆజ్ఞలోనే ఆరు రోజులు పని చెయ్యమనీ ఉంది. శనివారం చేయకూడని పనులు 39 అని మిష్నా అనే పాత ధర్మగ్రంథం లెక్క చెబుతుంది. ఆ జాబితా చదివితే మన పల్లె కళ్ళముందు కనిపిస్తుంది: విత్తడం, దున్నడం, కోయడం, మోపు కట్టడం, నూర్చడం, తూర్పారబట్టడం, ఏరడం, విసరడం, జల్లించడం, పిండి పిసకడం, రొట్టె కాల్చడం. విత్తాక దున్నడమేమిటని మన రైతులు అడుగుతారు. పాత పండితులకూ ఆ సందేహం వచ్చింది. అక్కడి నేల గట్టిది, విత్తనం చల్లాక మళ్ళీ దున్నుతారని తాల్ముదులో జవాబు ఉంది.

కొత్తరెడ్డిపాలెంలో ఇవి పుస్తకంలో మాటలు కావు, చేతి పనులు. వీరిలో ఎక్కువమంది వ్యవసాయ కూలీలు. శనివారం మానితే ఆ రోజు కూలి పోతుంది. నాట్ల రోజున రానంటే రైతు ఇంకొకరిని పిలుచుకుంటాడు, మరోసారి కబురు పెట్టకపోవచ్చు కూడా. రిటైరైన గుమాస్తాలం, జీతంతో సెలవు తీసుకున్నవాళ్ళం, మాకు ఆ కష్టం తెలియదు. నిజానికి ఆ ఆజ్ఞ కూలివాడి పక్షాన పుట్టిందే. నువ్వు ఐగుప్తులో దాసుడివి, అది గుర్తుంచుకుని నీ దాసుడికీ, దాసికీ, ఎద్దుకూ, గాడిదకూ విశ్రాంతి ఇవ్వు అని ద్వితీయోపదేశకాండం సారాంశం. ఏ రోజు కూలి ఆ రోజు పొద్దు గుంకకముందే ఇవ్వాలనీ అందులోనే ఉంది. అయితే అది యజమానికి చెప్పిన మాట. ఇక్కడ పొలం యజమానికి ఆ ధర్మంతో సంబంధం లేదు. ప్రాణం మీదికొస్తే శనివారం నియమాన్ని పక్కన పెట్టాలని శాస్త్రం ఉంది, కూలి పోవడానికి అలాంటి మినహాయింపు లేదు. మన ఇళ్ళల్లో అంట్లు తోమే ఆమెకు వారానికో రోజు జీతం కోయకుండా సెలవిస్తున్నామా అన్నది ఇక్కడ అడగక తప్పదు.

బెంగళూరులో యూదులకు మాగడి రోడ్డులో శ్మశానం ఉంది. 1904లో మైసూరు మహారాజు ఇచ్చిన స్థలమది. సినగాగు మాత్రం లేదు. అయినా శనివారం ఆచారాల్లో సగం ఇంట్లోవే. శుక్రవారం పొద్దు గుంకడానికి 18 నిమిషాల ముందే ఇంటి ఇల్లాలు దీపాలు వెలిగిస్తుంది. తండ్రి కొడుకు తలమీద చెయ్యిపెట్టి ఎఫ్రాయిములా, మనష్షేలా ఉండమని దీవిస్తాడు. కూతుళ్ళకైతే శారా, రిబ్కా, రాహేలు, లేయా పేర్లు. అబ్రాహాము, మోషే ఉండగా ఆ ఇద్దరే ఎందుకు? ఐగుప్తులో పుట్టి, అక్కడే పెరిగి, ఇంటి ధర్మం వదలనివాళ్ళు కనుక అని ఒక సమాధానం. పరాయి రాష్ట్రంలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. శనివారం చుక్కలు పొడిచాక ద్రాక్షారసం, లవంగాల్లాంటి సుగంధద్రవ్యాల వాసన, పేనిన కొవ్వొత్తి వెలుగుతో విశ్రాంతికి వీడ్కోలు.

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలోనే చేబ్రోలు. శనివారం వెళ్ళేవారు ఫోటోల కోసం పట్టుబట్టవద్దు, రాసివ్వమని అడగవద్దు. రాయడం, నిప్పు వెలిగించడం కూడా ఆ 39లోనే ఉన్నాయి. లోపలికి వెళ్ళే మగవాళ్ళు తల కప్పుకోవాలి, జేబురుమాలు చాలు.