వీర్లు

సంస్కృత ‘వీర’ శబ్దం తెలుగులో ‘వీరుడు’ అయింది. బహువచనం ‘వీరులు’లో నడిమి ఉకారం జారితే ‘వీర్లు’, పేరులు పేర్లయినట్టే. లాటిన్‌లో మగవాణ్ణి ‘విర్’ అంటారు, అదీ ఈ కుటుంబపు మాటే.

పల్నాట ఈ మాట అర్థం మారింది. గురజాల, మాచెర్ల సీమల్లో ‘వీర్లు’ అంటే ధైర్యవంతులందరూ కాదు. 12వ శతాబ్దిలో పల్నాటి యుద్ధంలో, కారంపూడి రణరంగాన, బ్రహ్మనాయుడి పక్షాన పోరాడినవారు. బాలచంద్రుడు ఆ కోవలో వాడే, మాల కన్నమదాసూ ఆ కోవలో వాడే. కులం అడ్డురాకుండా అందరూ కలిసి తినే చాపకూడు బంతిలో కూర్చున్నవాళ్లు చచ్చి దేవుళ్లయ్యారు. అందుకే కారంపూడిలో నాగులేటి ఒడ్డున ఉన్నది ‘వీర్ల గుడి’.

అక్కడ ఏటా కార్తిక అమావాస్య నుంచి అయిదు రోజులు తిరునాళ్ల: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు పెడతారు. వీరాచారవంతులు తమ పూర్వుల ఆయుధాలను ‘కొణతాలు’ అని పిలిచి, భుజాన మోసుకొచ్చి కొలుస్తారు. వీరవిద్యావంతులు ఆ వీర్ల కథ పాడతారు.

నిఘంటువులో వీరుడికి శౌర్యమొక్కటే గుర్తు. పల్నాట మాత్రం ఆ పేరు దక్కాలంటే పోరులో ఒరగాలి, తరతరాలూ పూజలందుకోవాలి.