జాంబియా రాగి గనుల్లో చైనా మేనేజర్లు

జాంబియా ఉత్తర భాగంలో, కాంగో సరిహద్దును ఆనుకుని ఉన్న కాపర్‌బెల్ట్ ప్రాంతానికి 1998 తర్వాత చైనా ప్రభుత్వరంగ గనుల సంస్థలు డెప్యుటేషన్‌పై పంపుతూ వచ్చిన ఇంజనీర్లు, షిఫ్ట్ బాస్‌లు, అకౌంటెంట్లు, పైస్థాయి అధికారులను కలిపి ఇక్కడ ‘చైనా మేనేజర్లు’ అంటున్నాం. సొంత పెట్టుబడితో వచ్చిన చైనా వ్యాపారులు, రైతులు, ప్రైవేటు గనుల యజమానులు వీరి కిందికి రారు. పత్రికా కథనాలు ఈ తేడాను తరచూ పట్టించుకోలేదు. అందువల్ల ఒకరి తప్పులు మరొకరి ఖాతాలో పడ్డాయి.

చైనా సాంకేతిక నిపుణులు జాంబియాకు రావడం వీరితో మొదలు కాలేదు. 1970–75 మధ్య చైనా రుణంతో, చైనా కార్మికుల చేతులతో సుమారు 1,860 కిలోమీటర్ల టాంజానియా–జాంబియా రైలుమార్గం (టాజారా) తయారైంది. ఆ పనిలో 60 మందికి పైగా చైనీయులు ప్రాణాలు కోల్పోయారు. ఆ తరం సహాయం చేయడానికి వచ్చింది, తర్వాతి తరం లాభనష్టాల లెక్కతో వచ్చింది. జాంబియా ప్రభుత్వం గనులను ప్రైవేటీకరిస్తున్న సమయంలో, 1998లో, చైనా నాన్‌ఫెర్రస్ సంస్థ సుమారు పదేళ్లుగా మూతపడి ఉన్న చాంబిషి గనిలో 85 శాతం వాటాను 2 కోట్ల డాలర్లకు కొన్నది. ఉత్పత్తి తిరిగి మొదలైంది 2003లో. 2009లో, ఆర్థిక సంక్షోభంతో మూతపడిన లువాన్‌ష్యా గనినీ అదే సంస్థ తీసుకుంది.

చైనా మేనేజర్ల దైనందిన జీవితంపై అందరికంటే లోతుగా పరిశోధించినది సామాజికవేత్త చింగ్ క్వాన్ లీ. ఆమె చాలా ఏళ్లపాటు చైనా గనుల్ని, అప్పట్లో స్విస్ కంపెనీ గ్లెన్‌కోర్ ఆధీనంలో ఉన్న మొపానీని, భారతీయ మూలాలున్న వేదాంత చేతిలోని కొంకోలా గనుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. 2017లో పుస్తకం వెలువడింది. చైనా మేనేజర్లు ఎక్కువగా కంపెనీ కాంపౌండ్లలోనే కలిసి ఉంటారు. ప్రహరీ గోడ, గేటు దగ్గర కాపలా, ఒకే మెస్, గదుల కేటాయింపు కంపెనీదే. కొన్నిచోట్ల ఒంటరిగా బయటికి వెళ్లడంపై ఆంక్షలూ ఉన్నాయి. వేదాంత, గ్లెన్‌కోర్ అధికారులు విడివిడి ఇళ్లలో కుటుంబాలతో ఉంటూ, ఒక దేశం తర్వాత మరో దేశానికి, ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారుతూ ఎదిగేవారు. లీ పరిశీలనలో అక్కడ నడిపించేది ఎవరి కెరీర్ వారిది, ఇక్కడ నడిపించేది అందరూ కలిసి కష్టానికి ఓర్చుకోవడం. ఈ కట్టుబాటును చైనీయుల సహజ స్వభావంగా చూపిన రచనలున్నాయి. ఖర్చు తగ్గించుకోవాలన్న యాజమాన్యపు ఏర్పాటుగా చూడటమే ఆధారాలకు దగ్గరగా ఉంది.

కుటుంబం వెంట రాకపోవడానికి బలమైన కారణం పిల్లల చదువు. చైనాలో విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష సాధారణంగా కుటుంబం పేరు నమోదైన ప్రాంతంలోనే రాయాలి. ఆ పోటీని తట్టుకోవాలంటే చిన్నప్పటి నుంచే అక్కడి బడిలో చదవాలి. అందుకే తండ్రి చాంబిషిలో ఉంటే పిల్లలు తల్లి దగ్గరో, తాత, నాయనమ్మల దగ్గరో పెరుగుతారు. జాంబియా గడియారం చైనా కంటే ఆరు గంటలు వెనక. సాయంత్రం ఆరింటికి డ్యూటీ దిగి ఫోన్ అందుకుంటే అక్కడ అర్ధరాత్రి. బిడ్డ బడి నుంచి వచ్చి అన్నం తినే ఏడు గంటలకు మాట్లాడాలంటే ఇక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకు, భోజన విరామంలోనే కుదరాలి. సెలవు సాధారణంగా ఏడాదికొకసారి, వీలైతే చైనా నూతన సంవత్సరానికి.

వీరి ఆశలు ప్రధానంగా స్వదేశం చుట్టూనే తిరుగుతాయి. విదేశీ అలవెన్సులతో జీతం ఇంటి దగ్గరకంటే ఎక్కువ. తిండి, వసతి కంపెనీవి కావడంతో చాలావరకు మిగులుతుంది. ఆ మిగులు ఫ్లాటుకు చేరుతుంది. చైనా నగరాల్లో సొంత ఇల్లు లేని యువకుడికి సంబంధం కుదరడం కష్టం. అయితే పెళ్లి ఖర్చు కూడబెట్టడానికి వచ్చినవారికే పెళ్లి వయసు ఇక్కడ గడిచిపోతుంది. ప్రధాన కార్యాలయంలో పదోన్నతికి విదేశీ అనుభవం మెట్టు అవుతుందని ఆశించినవారున్నారు. అది ఎందరికి ఫలించిందన్నది స్పష్టంగా లేదు.

ఉద్యోగంలో కఠినమైన భాగం జాంబియా కార్మికులతో, సంఘాలతో వ్యవహారం. ఆఫీసు భాష ఇంగ్లిష్, గనిలో వినిపించేది బెంబా. చాలామంది కొత్తవారికి మొదటిది అంతంతమాత్రం, రెండోది అసలే రాదు. 2005 ఏప్రిల్‌లో చాంబిషి గని ఆవరణలోని పేలుడు పదార్థాల కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో జాంబియా కార్మికులు మరణించారు. ఆధారాన్ని బట్టి సంఖ్య 46 నుంచి 52 వరకు ఉంది. 2006 జూలైలో వేతన ఆందోళనపై కాల్పులు జరిగాయి. కాల్చింది పోలీసులా, చైనా సూపర్‌వైజరా అన్నదానిపై కథనాలు విభేదిస్తాయి. ఆ ఏడాది అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిపక్ష నేత మైకేల్ సాటా చైనా పెట్టుబడులనే ప్రచారాంశం చేసుకుని ఓడిపోయారు. 2007లో చైనా అధ్యక్షుడు హూ జింటావో చాంబిషి పర్యటన నిరసనల భయంతో రద్దయింది. 2011లో సాటా అధ్యక్షుడయ్యాక స్వరం తగ్గించారు. 2010లో కొల్లమ్ బొగ్గు గనిలో ఇద్దరు చైనా సూపర్‌వైజర్లు కార్మికులపై కాల్పులు జరిపారు (గాయపడినవారు 11 మంది అని కొందరు, 13 అని కొందరు). 2012లో అక్కడే ఒక చైనా మేనేజర్ హత్యకు గురయ్యారు. కొల్లమ్ ప్రైవేటు గని, కాపర్‌బెల్ట్‌కు దూరంగా దక్షిణ ప్రాంతంలో ఉంది. అయినా దాని మచ్చ చాంబిషి వారికీ అంటింది.

2011 నవంబరులో హ్యూమన్ రైట్స్ వాచ్ నివేదిక చైనా ప్రభుత్వరంగ రాగి గనుల్లో భద్రతా లోపాలను, సంఘాల పట్ల వైరాన్ని ఎండగట్టింది. పరిశోధకులు యాన్ హైరాంగ్, బారీ సాట్మన్ దానిపై అభ్యంతరం తెలిపారు. చైనా కంపెనీలే అందరికంటే చెడ్డవన్న తీర్పు పోల్చి చూస్తే నిలవదని వారి వాదన. ఖైదీలను కూలీలుగా తెస్తున్నారన్న పుకారుకు ఆధారాలు దొరకలేదని కూడా చూపారు. లీ రెండు వాదాలకూ మధ్యగా నిలిచారు: చైనా గనుల్లో వేతనం తక్కువ, ఉద్యోగ భద్రత ఎక్కువ. 2008–09లో రాగి ధర పడిపోయినప్పుడు చాంబిషి యాజమాన్యం ఉద్యోగుల కోత ఉండదని ప్రకటించడం ఆమె వాదనకు బలమిస్తుంది. గాయపడిన కార్మికుల గోడును మాత్రం ఈ పోలిక తేలిక చేయలేదు.

2025 ఫిబ్రవరి 18న చైనా నాన్‌ఫెర్రస్ సంస్థకే చెందిన సైనో–మెటల్స్ కంపెనీ వ్యర్థాల కట్ట తెగి ఆమ్లజలం కఫూయె నది వైపు పారింది. కిట్వే నగరానికి నీటి సరఫరా ఆగింది. చైనా అధికారులు క్షమాపణ చెప్పారు. మొదట చెప్పిన పరిమాణం 5 కోట్ల లీటర్లు. తర్వాత పరీక్షించిన దక్షిణాఫ్రికా సంస్థ అంచనా 15 లక్షల టన్నులు, కంపెనీ దాన్ని ఒప్పుకోలేదు.

గడువు ముగిశాక ఎక్కువమంది తిరిగి వెళ్తారు. కొద్దిమంది ఉద్యోగం మాని లుసాకా పరిసరాల్లో కూరగాయల తోటో, హార్డ్‌వేర్ దుకాణమో, కాంట్రాక్టు పనో పెట్టుకుంటారు. జాంబియాలో మొత్తం చైనీయుల సంఖ్యపై అంచనాలు కొన్ని వేల నుంచి లక్ష దాకా పోతాయి. పెద్ద అంకెలు ఎక్కువగా రాజకీయ ప్రసంగాల్లోవి కాబట్టి, చిన్న అంకెల వైపే మొగ్గడం క్షేమం.