కుప్ప నుంచి వరస దాకా: శిలాజాల్లో గుంపు నడవడి

శిలాజాల్లో పెంకు మిగులుతుంది, కాలిముద్ర మిగులుతుంది. నడవడి మిగలడం అరుదు. ఒకే రాతిపొర మీద వందల పెంకులు కనిపించినంత మాత్రాన ఆ జీవులు కలిసి బతికాయని చెప్పలేం. ప్రవాహం వాటిని ఒకచోటికి ఊడ్చి ఉండొచ్చు. విడివిడిగా బతికినవే ఎండిపోతున్న మడుగులో ఒకేచోట చచ్చి ఉండొచ్చు. రొయ్యలు, పీతలు, లాబ్‌స్టర్ల వంటి క్రస్టేషియన్ల విషయంలోనూ, వాటి దూరపు చుట్టాలైన ట్రైలోబైట్ల విషయంలోనూ మొదటి చిక్కు ఇదే: కనిపిస్తున్నది చచ్చాక చేరిన కుప్పా, బతికుండగా కట్టిన గుంపా?

ఈ చిక్కు విప్పడానికి బతికున్న జీవులు సాయపడ్డాయి. 1969లో విలియం హెర్న్‌కైండ్ అనే శాస్త్రవేత్త ముళ్ల లాబ్‌స్టర్ల వరస నడక గురించి 'సైన్స్' పత్రికలో రాశారు. బహామాస్, ఫ్లోరిడా తీరాల్లో శరత్కాలపు తుఫానుల తర్వాత ఇవి ముందున్నదాన్ని మీసాలతో తాకుతూ, బారు కట్టి వలస వెళతాయి. అలా నడిస్తే ఒక్కో జీవి మీద నీటి నిరోధం తగ్గుతుందని 1976లో ఆయన సహ పరిశోధకుడితో కలిసి చూపారు.

1985లో స్పేయర్, బ్రెట్ అనే పరిశోధకులు న్యూయార్క్ రాష్ట్రంలోని డెవోనియన్ యుగపు ట్రైలోబైట్ గుంపులను పరిశీలించారు. ఒక్కో గుంపులో ఒకే జాతివి, దాదాపు ఒకే పరిమాణంలో ఉన్నవి కనిపించాయి. కొన్నిచోట్ల అవి విడిచిన పెంకులూ ఉన్నాయి. నేటి పీతల్లో కొన్నిటి మాదిరిగా ఇవీ పెంకు విడవడానికి, జతకట్టడానికి చేరాయని వారు వాదించారు. అప్పటి నుంచి ఎన్ని ఉన్నాయన్నదాని కన్నా ఎవరెవరు, ఎలా ఉన్నారన్నదే ముఖ్యమైంది.

అసలైన సంచలనం 2008లో వచ్చింది. చైనాలోని యునాన్ రాష్ట్రంలో, సుమారు 52 కోట్ల ఏళ్ల నాటి చెంగ్‌జియాంగ్ శిలల్లో రొయ్యను పోలిన చిన్న జీవులు గొలుసులుగా దొరికాయి. 1984లో ఆ శిలాజ నిక్షేపాన్ని వెలుగులోకి తెచ్చిన హౌ షియాన్‌గువాంగ్, బ్రిటన్ శాస్త్రవేత్తలతో కలిసి వీటిని వివరించారు. ఒకదాని తోక కొస వెనకదాని వీపుపెంకు కిందికి దూరి, జడ అల్లినట్టు బిగిసి ఉంది. కొన్ని గొలుసుల్లో ఇరవై దాకా జీవులున్నాయి. ఒంటరిగా దొరికింది ఒకే ఒక్కటి. ప్రవాహం పెంకులను పోగు చేయగలదు, ఒకే దిక్కుకు తిప్పగలదు. ఇలా ఒకదానిలో ఒకటి గుచ్చలేదు. క్రస్టేషియన్లు, ట్రైలోబైట్లు చేరే సంధిపాద జీవుల్లో నేడు ఇలాంటి ఏర్పాటు లేదు. బహుశా వలసలో నీటిలో ఈదుతూ ఇలా అతుక్కుని ఉంటాయని పరిశోధకులు ఊహించారు. మరుసటి ఏడాది ఈ జీవికి సినోఫాలస్ జైనస్ అని పేరు పెట్టారు.

తర్వాత సాక్ష్యాలు వెంటవెంటనే వచ్చాయి. 2009లో పోలండ్‌లోని హోలీ క్రాస్ పర్వతాల నుంచి, కళ్లు లేని డెవోనియన్ ట్రైలోబైట్లు బారుగా నడుస్తూ సమాధి అయిన దాఖలాలు వెలువడ్డాయి. 2012లో క్లోంప్‌మేకర్, ఫ్రాయే అనే పరిశోధకులు దక్షిణ జర్మనీలోని తొలి జురాసిక్ శిలల్లో అమ్మోనైట్ అనే అంతరించిన సముద్రజీవి గుల్ల ఒకదాన్ని వివరించారు. సుమారు 18 కోట్ల ఏళ్ల నాటి ఆ గుల్లలో మూడు లాబ్‌స్టర్లు ఉన్నాయి. ఖాళీ గుల్లను అవి కలిసి తలదాచుకునే చోటుగా వాడుకున్నాయని వారి వివరణ. 2019లో జాన్ వానియే బృందం మొరాకోలోని 48 కోట్ల ఏళ్ల నాటి ఆంపిక్స్ ట్రైలోబైట్ల వరసలను ప్రకటించింది. వీటికీ కళ్లు లేవు. పొడవాటి ముళ్లు మాత్రం ఉన్నాయి. తుఫాను కదిలించిన బురద వాటిని వరస చెదరకుండా కప్పేసిందని ఆ బృందం భావించింది.

ఈ చరిత్రలో రుజువు పద్ధతి క్రమంగా పదునెక్కింది. ఒకే జాతి, ఒకే పరిమాణం, ప్రవాహం చేయలేని అమరిక, హఠాత్తుగా జరిగిన పూడిక: ఇవి కలిసొచ్చినప్పుడే కుప్పను గుంపు అనవచ్చు. ఆ కొలతకు నిలిచినవాటిలో కళ్లు లేనివి రెండుచోట్ల ఉండటం గమనించదగ్గది. కలిసి కదలడానికి పెద్ద మెదడే కాదు, చూపు కూడా తప్పనిసరి కాదు. తోటి జీవి స్పర్శ, బహుశా దాని వాసన చాలు. సమూహ జీవనం మొదలైంది ఇంత తక్కువ పెట్టుబడితోనే అయితే, అది జంతువుల చరిత్రలో ఇంత ముందే కనిపించడం ఆశ్చర్యం కాదు.