సుల్తానా కలకు వారసులెవరు?

మా కశింకోట చరిత్ర ఎవరినడిగినా కోట దగ్గరే మొదలుపెడతారు. ఫౌజుదార్లు, జమీందార్లు, కుంపిణీ దండ్లు. 1758లో కల్నల్ ఫోర్డు సేన, విజయనగరం ఆనందరాజు సేన ఇక్కడ కలుసుకునే చందుర్తి యుద్ధానికి కదిలాయని పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఫౌజుదార్ల ఇళ్లల్లో పర్దాల వెనక బతికిన ఆడవాళ్ల గురించి ఒక్క వాక్యం దొరకదు. ఒక్క కశింకోట సంగతే కాదు ఇది. ముస్లింల చరిత్ర అనేసరికి దండెత్తినవాళ్లు, ఏలినవాళ్లు, ఓడినవాళ్లు - అంతా మగవాళ్లే. మనల్ని తిట్టేవాళ్లు చెప్పే చరిత్రలోనూ అంతే, మనం గొప్పగా చెప్పుకునే చరిత్రలోనూ అంతే. జనానా అంటే వాళ్లకి చెర, మనకి పరువు. లోపలున్నవాళ్లు ఏం కలలు కన్నారో ఇద్దరికీ అక్కర్లేదు.

ఆ కలల గురించి మాట్లాడాలంటే కాస్త దూరం నుంచి రావాలి. ఇంగ్లీషులో ఒక రకం నవలలున్నాయి. మగవాళ్లే లేని ఏదో గ్రహం, ఎప్పుడో రాబోయే కాలం. అక్కడ ఆడవాళ్లు ఆడవాళ్లనే ప్రేమిస్తారు, కాపురాలు చేస్తారు, పిల్లల్ని పెంచుతారు, రాజ్యం నడుపుతారు. లెస్బియన్ సైన్స్ ఫిక్షన్ అంటారు వీటిని. జొయానా రస్ 1975లో అచ్చేసిన 'ది ఫిమేల్ మ్యాన్' నవలలోని 'వైల్‌అవే' అలాంటి లోకమే. లెస్బియన్ పుస్తకాల కోసమే అమెరికాలో 1973లో పెట్టిన నాయడ్ ప్రెస్ 1984లో కాథరీన్ ఫారెస్ట్ నవల 'డాటర్స్ ఆఫ్ ఎ కోరల్ డాన్'ని తెచ్చింది. 1990ల మొదట్లో నికోలా గ్రిఫిత్ 'అమోనైట్' వచ్చి బహుమతులు తెచ్చుకుంది. ఉన్న ప్రపంచంలో చోటు దొరకని ప్రేమ కోసం ఈ రచయిత్రులు ఇంకో ప్రపంచాన్నే కట్టుకున్నారు.

వీటి పేరెత్తగానే రెండు మాటలు వినబడతాయి. మనవాళ్లనేది: ఇది తెల్లవాళ్ల జబ్బు, మన తహజీబ్‌లో లేదు. సెక్యులర్ మిత్రులనేది: ముస్లిం ఆడవాళ్లకి చదువూ కొలువూ లేక ఏడుస్తుంటే ఈ విలాసాలెందుకు? ఇద్దరికీ జవాబు మన చరిత్రలోనే ఉంది.

1905లో మద్రాసు నుంచి వచ్చే 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో 'సుల్తానాస్ డ్రీమ్' అనే ఇంగ్లీషు కథ అచ్చయింది. రాసింది రొకేయా సఖావత్ హుసేన్. 1880లో బెంగాల్‌లోని రంగపూర్ జిల్లా పైరాబంద్‌లో జమీందారీ ఇంట్లో పుట్టింది. ఆడపిల్లకి బడి లేదు. అరబ్బీ అక్షరాలు, కాస్త ఉర్దూ వస్తే చాలనుకునే ఇల్లు. అందరూ పడుకున్నాక అన్న ఇబ్రహీం సాబెర్ రహస్యంగా బెంగాలీ, ఇంగ్లీషు నేర్పాడు. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మనకి ఆ భాషల పెనుగులాట ఒకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

కథలో సుల్తానా కునుకు తీస్తూ 'లేడీలాండ్' అనే దేశానికి చేరుతుంది. వీధుల్లో అంతా ఆడవాళ్లే. మగవాళ్లు మర్దానాలో తలుపులేసుకుని వంటా, పిల్లల పనీ చూసుకుంటారు. ఆడవాళ్ల విశ్వవిద్యాలయాలు రెండున్నాయి. ఒకదానివాళ్లు ఆకాశంలోకి బెలూను పంపి మబ్బుల నుంచి నేరుగా నీళ్లు దించుకుంటారు. రెండోదానివాళ్లు ఎండవేడిని పోగుచేసి దాస్తారు. వంట ఎండతోనే; పొయ్యీ లేదు, పొగా లేదు. శత్రువు దండెత్తొచ్చినప్పుడు మగవాళ్ల సైన్యం చేతులెత్తేస్తే, ఈ చదువుకున్న ఆడవాళ్లు దాచిన ఎండని శత్రువు మీదికి తిప్పి తరిమేస్తారు. వాళ్ల దేశంలో పని రోజుకి రెండు గంటలే. మగవాళ్లు ఆఫీసుల్లో గంటలు గంటలు చుట్టలు కాల్చడానికే సరిపెట్టేవాళ్లని రొకేయా ఎకసెక్కం. అమెరికాలో షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ ఆడవాళ్లే ఉండే దేశం గురించి 'హర్‌లాండ్' రాసింది 1915లో. అంటే మన పర్దా ఇంటి కల దానికంటే పదేళ్లు పెద్దది.

ఈ కథని అచ్చేసిన సంపాదకురాలు కమలా సత్యనాథన్ తెలుగామె. రాజమండ్రిలో పుట్టిన క్రైస్తవురాలు. 1901లో ఆ పత్రిక పెట్టింది. బెంగాలీ ముస్లిం స్త్రీ కన్న కలని తెలుగు క్రైస్తవ స్త్రీ లోకానికి చూపించింది. రాజమండ్రి అనగానే కందుకూరి వారు గుర్తొస్తారు, రావాలి కూడా. ఈమె ఎందుకు గుర్తుకు రాదు?

అయితే సుల్తానా కథలో ఇద్దరు ఆడవాళ్ల ప్రణయం లేదు. సిస్టర్ సారా చెయ్యి పట్టుకుని నడుస్తుంటే సుల్తానా వేళ్లు వణుకుతాయి. అది పర్దా లేకుండా వీధిలో నడిచే బెరుకు. దాన్ని ప్రేమని లాగితే రొకేయాకి అన్యాయం చేసినట్టే. మగవాడి నీడ లేకుండా ఆడవాళ్లు కలిసి బతకగలరన్న ఊహ ఆమెది. 1911లో కలకత్తాలో ఎనిమిది మంది పిల్లలతో సఖావత్ మెమోరియల్ స్కూలు పెట్టినప్పుడు ఆ ఊహ నేల మీదికి దిగింది. 1924 నాటి ఆమె నవల 'పద్మరాగ్'లో హిందూ, ముస్లిం, క్రైస్తవ, బ్రహ్మసమాజ స్త్రీలు తారిణీ భవన్‌లో కలిసి ఉంటారు. నాయిక సిద్దీఖా కాపురం వద్దనుకుంటుంది.

ప్రేమ సంగతి ఉర్దూ కవిత్వంలో ఉంది. దక్కనీలో 17వ శతాబ్దంలోనే బిజాపూర్ కవి హాష్మీ ఆడగొంతుతో గజళ్లు రాశాడు. 18వ శతాబ్దం చివర లక్నోలో రంగీన్, ఇన్షా దీన్ని 'రేఖ్తీ' అనే ప్రక్రియగా నిలబెట్టారు. ఇళ్లల్లో ఆడవాళ్లు మాట్లాడుకునే ఉర్దూ, వాళ్ల ఎత్తిపొడుపులు, ఒట్లు, నగలు, అలకలు అన్నీ అందులోకొచ్చాయి. ఒక ఆడది ఇంకో ఆడదాన్ని కోరుకోవడం కూడా వచ్చింది. ఆ జంటకి పేర్లు కూడా ఉన్నాయి. ఒకే బాదం కాయలో దొరికిన జంట పప్పుల్ని పంచుకు తిన్నవాళ్లు 'దోగానా'లు. కోడి రొమ్ము ఎముకని చెరో కొస పట్టుకుని విరిచి బంధం కలుపుకున్నవాళ్లు 'జనాఖీ'లు. రాసినవాళ్లు మగవాళ్లే, ముషాయిరాల్లో ఓణీ కప్పుకుని చదివి నవ్వించినవాళ్లూ ఉన్నారు. ఆ నవ్వులో మగచూపు లేదనలేం. కానీ పేర్లు మాత్రం జీవితంలో ఉన్నవే. లేని దానికి ఎవరూ ఇన్ని పేర్లు పెట్టరు.

1857 తర్వాత తెల్లదొర కళ్లతో మనల్ని మనం చూసుకోవడం మొదలైంది. 1860 నాటి శిక్షాస్మృతిలో 377 సెక్షన్ చేరింది. సంస్కర్తలకి రేఖ్తీ సిగ్గుచేటైంది. ఉర్దూ చరిత్రకారులు దాన్ని పతనమైన నవాబుల కాలపు చెత్త అన్నారు. సంకలనాల నుంచి దోగానాలు జారిపోయారు. తెల్లవాళ్ల జబ్బు అంటున్నామే, తెల్లవాళ్ల నుంచి మనకి అంటింది ఆ ప్రేమ కాదు, దాని మీది అసహ్యం. 1942లో ఇస్మత్ చుగ్తాయ్ 'లిహాఫ్' కథలో బేగం జాన్, ఆమె దాసి రబ్బోల సాన్నిహిత్యాన్ని ఒక చిన్నపిల్ల కళ్లతో చెబితే అశ్లీలమని లాహోర్ కోర్టుకి లాగారు. కేసు నిలబడలేదు.

1998లో 'ఫైర్' సినిమా వచ్చినప్పుడు బొంబాయిలో శివసేన వాళ్లు థియేటర్ల మీద పడ్డారు. ప్రేమించుకునే తోటికోడళ్ల పేర్లు రాధ, సీత కావడం వాళ్ల బాధ. ఆ పేర్లు షబానా, సాయిరా అని మారిస్తే అభ్యంతరం లేదన్నాడు బాల్ ఠాక్రే. రాధ పాత్ర వేసింది మన హైదరాబాదులో పుట్టిన షబానా ఆజ్మీయే. ఈ మాటని మనం జాగ్రత్తగా వినాలి. వాళ్ల దృష్టిలో ఆ ప్రేమ తప్పు, కానీ ముస్లిం ఆడదానికి ఫరవాలేదు. ఆమెకి పోయే పరువు లేదు. దానికి జవాబుగా మనం ఏమన్నాం? మాలోనూ అలాంటివాళ్లు లేరన్నాం. వాళ్లు విసిరిన మురికి మన మీద పడకుండా మన ఆడవాళ్లని అడ్డం పెట్టాం.

1989లో సునీతి నామ్‌జోషీ 'ది మదర్స్ ఆఫ్ మాయాదీప్' అని తల్లులు ఏలే దీవి గురించి నవల రాసింది. లెస్బియన్‌నని చెప్పుకున్న భారతీయ రచయిత్రి ఆమె. రొకేయా లేడీలాండ్‌కి అది దూరపు చుట్టం. ఆడవాళ్ల రాజ్యంలో మాత్రం అణచివేత ఉండదా అని అక్కడ ఆమె అడుగుతుంది. మైనారిటీగా మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న కూడా అదే. మెజారిటీ ముందు ఒక్క గొంతుతో నిలబడాలని మనం అంటాం. ఆ ఒక్క గొంతు ఎవరిది?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 కోర తీసేసింది. 2023 అక్టోబర్‌లో అదే కోర్టు పెళ్లి హక్కు తాను ఇవ్వలేనంది. కోర్టులు ఇచ్చేవి ఇస్తాయి, ఆపేవి ఆపుతాయి. మన వాకిట్లో చోటు ఇవ్వాల్సింది మనమే. అస్తిత్వం గురించి ఇన్ని పేజీలు రాసుకుంటున్నవాళ్లం, బురఖా కింద ఉన్న మనిషి ఎవరిని ప్రేమిస్తుందో, ఏ లోకాన్ని ఊహించుకుంటుందో చెప్పుకునే పేజీ ఒకటి ఖాళీగా ఉంచాలి. దాన్ని నింపేది మనం కాదు, ఆమె. రొకేయా నూట ఇరవై ఏళ్ల కింద తన పేజీ తనే రాసుకుంది.