మందు సంచి కుట్టిన చేతులు



ప్రతి ఏడూ అక్టోబర్ 16 రాగానే మన గ్రూపులన్నీ కట్టబొమ్మన బొమ్మలతో నిండిపోతాయి. 1799లో ఆ రోజునే కయత్తారులో ఆయన్ని ఉరి తీశారు. ఇంట్లో తెలుగు మాట్లాడే పాంచాలంకురిచ్చి పాలెగాడు కాబట్టి మనకు ఆ గర్వం ఉండాల్సిందే. ఈసారి మాత్రం కత్తి గురించీ మీసం గురించీ కాకుండా, ఆ కాలపు తుపాకి మనిషి భుజాన వేలాడిన తోలు సంచి గురించి రాద్దామనుకున్నాను.

పాలెగాళ్ల సేనల్లో బల్లేలతో పాటు ఒత్తి తుపాకులూ ఉండేవి. వాటికి ఈనాటి తూటాలు పనికిరావు. నల్లమందు వేరుగా, సీసపు గుండు వేరుగా. నల్లమందు అంటే నూటికి దాదాపు 75 పాళ్లు సూరేకారం, 15 పాళ్లు బొగ్గు, 10 పాళ్లు గంధకం. ముందు గొట్టంలో మందు పోయాలి, ఆపైన గుండు వేయాలి, కడ్డీతో దట్టించాలి. చెవి దగ్గర చిటికెడు మందు పోసి, వెలుగుతున్న ఒత్తిని దానికి తగిలించాలి. గుండ్లు, గుడ్డపీలికలు, మందు కొలిచే చిన్న గొట్టం, చెవిలో మసి తీసే పుల్ల, ఇవన్నీ చూడకుండానే చేతికి అందాలి. అందుకే సంచి.

ఆ సంచికి రెండు గండాలు. ఒకటి తడి. మందు చెమ్మగిలితే తుపాకి కర్రతో సమానం. రెండోది నిప్పు. ఒక చేతిలో వెలుగుతున్న ఒత్తి, నడుము దగ్గర మందు. ఒక్క రవ్వ పడితే మనిషే మిగలడు. కాబట్టి వెనక ముక్కా మూతా ఒకే తోలులో కోసి, మూత ముందువైపు బాగా కిందికి వాలేలా పెట్టాలి. అప్పుడు వాన నీళ్లు జారిపోతాయి, రవ్వ లోపలికి పోదు.

ఇక తోలు. పచ్చి చర్మాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుకలు ఊడదీయాలి. లోపలి కండ గీకెయ్యాలి. తర్వాత లందలో తంగేడు చెక్క నీళ్లలో రోజుల తరబడి ఊరాలి. ఆపైన కరక్కాయ, చివర నూనె. ఇలా ఊరిన తోలుకు ఇనుము తగిలితే నల్లగా మరకపడుతుంది, ఇనుమూ తుప్పు పడుతుంది. పైగా మందు దగ్గర ఇనుముకు రాయి తగిలి రవ్వ లేస్తే ప్రమాదం. అందుకే ఇలాంటి సంచికి ఇత్తడి గుండీయో, తోలు ముడో మేలు. ఆరెతో బెజ్జం వేసి, ఒకే దారానికి రెండు కొసలా సూదులు పెట్టి, రెండు వైపుల నుంచీ కుట్టాలి. ఒక పోగు తెగినా పక్క కుట్టు పట్టుకుని ఉంటుంది. అసలు పనితనం అక్కడుంది.

ఈ పని తెలిసిన చేతులు ఎవరివి? తమిళ దేశపు దక్షిణ, పడమటి జిల్లాల్లో తోలు పని ఎక్కువగా అరుంధతియర్లది. చెప్పులు, బావి మోటకు తోలు బొక్కెన, ఎద్దుల పలుపులు, డప్పు, అన్నీ వాళ్లే చేసేవారు. కోయంబత్తూరు, ఈరోడు, సేలం వైపు వెళ్లి చూడండి. వాళ్లలో ఎన్నో ఇళ్లలో ఈనాటికీ అమ్మను పిలిచేది తెలుగులోనే. కట్టబొమ్మన కంటే ముందే పూలిత్తేవర్ పక్షాన పోరాడిన ఒండివీరన్‌ను వాళ్లు తమవాడిగా కొలుస్తారు. 2022లో ఆయన పేర తపాలా బిళ్ల కూడా వచ్చింది.

ఇంకో సంగతి చెప్పాలి. 1806 జూలై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. బొట్టు, గడ్డం మీద ఆంక్షలతో పాటు, కొత్త తలపాగాకు తోలు తురాయి పెట్టమన్నదీ ఒక కారణం. ఏ జంతువు తోలో అని వాళ్ల అనుమానం. ఆ బాధ నిజమైనదే, కాదనను. అయితే అదే సిపాయి భుజాన తోలు పట్టీ ఉంది, నడుము దగ్గర తోలు తూటాల పెట్టె ఉంది. తోలు భుజం దాకా వచ్చింది, తల దగ్గర ఆగిపోయింది. తోలును పదును చేసే కులం మాత్రం ఊరి వాకిట్లోనే ఆగిపోయింది. సంచిని రోజంతా ఒంటికి ఆనించుకున్న సమాజమే దాన్ని కుట్టగలిగిన మనిషిని అంటరానివాడంది.

ఆ తంగేడు చెక్క తోలే తర్వాత మద్రాసు రేవు నుంచి లండన్‌కు ఓడలెక్కి, ఈస్ట్ ఇండియా తోలుగా పేరు తెచ్చుకుంది. 1903లో ఛాటర్టన్ మద్రాసులో క్రోమ్ పద్ధతి ప్రయోగాలు మొదలుపెట్టాడు. చెన్నైలో క్రోంపేటకు ఆ పేరు క్రోమ్ లెదర్ కంపెనీ వల్లే వచ్చింది. తోలుకు పేరొచ్చింది, ఊరికి పేరొచ్చింది. లంద దగ్గర వంగి పనిచేసినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు.

ఇప్పుడు మన సంగతికి వస్తాను. 2009లో తమిళనాడు ప్రభుత్వం షెడ్యూల్డు కులాల 18 శాతంలో 3 శాతం అరుంధతియర్లకు ప్రత్యేకించింది. ఆ చట్టం లెక్కించిన ఏడు కులాల్లో మాదిగ ఉంది, ఆది ఆంధ్ర అనే పేరూ ఉంది. సర్కారు జాబితాలో ఆంధ్ర అన్న మాట ఉంది. మన సంఘం ప్రత్యేక సంచికలో వలస వచ్చిన తెలుగు కులాల వ్యాసంలో మాత్రం వాళ్లు లేరు. నాయకులున్నారు, రాజులున్నారు, వ్యాపారులున్నారు. ఆ సంచిక అచ్చుకు ముందు చదివి సరేనన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. తప్పు నాదీ ఉంది.

కాబట్టి ఒక విన్నపం. వచ్చే సంచికలో తోలు పనివారి మీద ఒక వ్యాసం ఉండాలి. దాన్ని వాళ్ల ఇంటివాళ్లే రాయాలి, మనం వాళ్ల తరఫున రాయడం కాదు. ఆరె, రంపె, లంద, ఈ మాటలు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లను మన సభకు పిలుద్దాం. వేదిక మీద, ముందు వరుసలో కూర్చోబెడదాం.

మీ అభిప్రాయం రాయండి. కాదన్నా సరే, కారణం రాయండి.