కట్టెలు మోయు ఇనుపకుక్కలు

మన పొయ్యికి మూడు రాళ్లు చాలును. కుండ వానిపై నిలుచును, కట్టె వాని నడుమకు దూరును, గాలి దానంతటదే యాడును. ఐరోపాఖండమందలి చలిదేశములలో సంగతి వేరు. అక్కడ నిప్పు వంటకే కాదు, రాత్రియెల్ల ఇల్లు వెచ్చగా నుంచుటకు గూడ కావలెను. అందులకై పెద్ద దుంగలనే కాల్చెడివారు. దుంగ నేలపై పడియున్నచో క్రింద గాలి యాడక పొగయే గాని మంట రాదు. సగము కాలి గదిలోనికి దొరలిన మరియు ప్రమాదము. కావున దుంగలను నేలకు తగులకుండ నెత్తి నిలుపుటకు ఇనుపపీటలు చేసిరి. వెనుకకు సాగిన అడ్డకమ్మి, ముందొక నిలువుకంబము, క్రింద పొట్టికాళ్లు. అంతియే దాని రూపము. ఆంగ్లేయులు దీనిని ఆండైరన్ అనియు, ఫైర్‌డాగ్, అనగా నిప్పుకుక్క, అనియు నందురు. ఫ్రెంచివారి షెనే అను పేరునకును కుక్కయే మూలము. పొయ్యి ముందర కుక్క పండుకొనుట అన్ని దేశములకును తెలిసినదే గదా!

వీనిలో మిక్కిలి వింతయైనది వేల్సుదేశమున దొరకినది. 1852వ సంవత్సరమున కేపెల్ గార్మన్ అను గ్రామము దాపున, గడ్డి కుళ్లి యేర్పడిన నల్లని తేమనేలలో కాలువ త్రవ్వుచుండగా బయల్పడెను. క్రీస్తుపూర్వము 50కిని క్రీస్తుశకము 50కిని నడుమ చేసినదని పండితుల నిర్ణయము. రెండు కొనలయందును కొమ్ములు గల తల, మెడవెంబడి జూలు. కొమ్ములు చూచిన ఎద్దు, జూలు చూచిన గుఱ్ఱము! మొదట దీని బరువు సుమారు 38 కిలోలు, మన పాతలెక్కను మూడు మణుగులకు మించినది. 85 ముక్కలు వేరువేరుగ సాగగొట్టి కూర్చిరి. ఖనిజమును కరగించుట మొదలు ముగించువరకు ఒక మనిషికి మూడేండ్ల పని యని అంచనా. ఆ మూడేండ్లలో ఆ కమ్మరి యెన్ని నాగటికఱ్ఱులు, ఎన్ని కొడవండ్లు చేసియుండును! ఊరివారు వానిని మానుకొని దీనిని చేయించిరనగా నిప్పునకు వారిచ్చిన స్థానమెట్టిదో ఊహింపవచ్చును. నాటి యిండ్లు గుండ్రనివి. పొయ్యి నట్టనడుమ నుండెడిది. ఇంటి పెద్దయు, అతిథియు, పిల్లలును దానిచుట్టే కూర్చుండిరి.

అంతటి వస్తువును తుదకు తేమనేలలో ప్రక్కకు పరుండబెట్టి, రెండు కొనలకును చెరియొక పెద్దరాయి యుంచిరి. పోగొట్టుకొన్నవారు రాళ్లు పేర్చరు. ఇది బుద్ధిపూర్వకముగా సమర్పించినదే యని నా తలంపు.

నట్టింటి నిప్పు తరువాతను చాలకాలము నిలిచెను. ఇంగ్లండునందు పెన్స్‌హర్స్టు అను భవనమున 1341లో కట్టిన పెద్దసావడి నడుమ అట్టి పొయ్యి నేటికిని చూడవచ్చును. పిమ్మట పొగగూడు వచ్చి నిప్పును గోడలోనికి జరిపినది. దొర తన గదిలో, సేవకులు తమ వంటయింట. ఒక మంటచుట్టు అందరును కూర్చుండుట తగ్గెను. ఇనుపకుక్కకు మాత్రము వైభవము హెచ్చినది: ఇత్తడి తొడుగులు, 17వ శతాబ్దిలో ధనికుల యిండ్ల వెండి తొడుగులును.

రాక్షసిబొగ్గు దానిని కూలద్రోసెను. బొగ్గుపెళ్లలు రెండు కమ్ములపై నిలువవు; వానికి ఇనుపబుట్ట కావలెను. బుట్ట పొయ్యిలోనికి రాగా కుక్క వెలుపలికి వచ్చినది. పెక్కిండ్లలో దానికి మిగిలిన పని పటకారును, నిప్పు నెగదోయు చువ్వను ఆనించుకొనుట మాత్రమే.