మద్దిలపాలెం నెట్ సెంటర్ల నుంచి మాస్టోడాన్ దాకా

అంతర్జాలంలో తెలుగువారు కబుర్లు మొదలుపెట్టిన నాడు ఆ కబుర్లకు యజమాని అంటూ ఎవరూ లేరన్న సంగతి నేటి గోప్యతా చర్చల్లో మరుగున పడుతున్నది. 1990ల తొలినాళ్లలో అమెరికాలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు కలుసుకున్న ‘సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు’ అనే వేదిక యూజ్‌నెట్‌లో ఉండేది. యూజ్‌నెట్ అంటే ఏ ఒక్క సంస్థ అధీనంలోనూ లేకుండా, వేర్వేరు విశ్వవిద్యాలయాల కంప్యూటర్లు ఒకదాని సందేశాలను మరొకటి నకలు తీసుకుంటూ నడిపిన వ్యవస్థ. తెరమీద తెలుగు లిపి కనిపించని ఆ కాలంలో, రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతిని అనుసరించి, అంటే రోమన్ అక్షరాలలోనే తెలుగు పలుకును నియమబద్ధంగా రాస్తూ, వారు సాహిత్యం నుంచి వంటల దాకా అన్నీ చర్చించుకున్నారు. ఆ వేదికలో వాణిజ్య నిఘా లేకపోయినా రాసినదంతా బహిరంగమే, కాబట్టి 2001లో యూజ్‌నెట్ పాత సందేశాల భాండారాన్ని గూగుల్ కొన్నప్పుడు ఎవరి సొత్తూ కాని మాటలు కూడా ఒక కంపెనీ గిడ్డంగికి చేరాయి.

విశాఖపట్నంలో కథ వేరుగా నడిచింది. దేశంలో సాధారణ ప్రజలకు అంతర్జాల సేవ 1995 ఆగస్టు 15న నాలుగు మహానగరాలలో మొదలైంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేరువలో, విద్యార్థుల గదులతో నిండిన మద్దిలపాలెం వంటి పేటలకు అది చేరింది ఎక్కువగా నెట్ సెంటర్ల ద్వారానే. అక్కడ కూర్చున్నవారిని విదేశీ సంస్థలే కాదు, ప్రభుత్వ నిబంధనలూ గమనించాయి: 2011 నాటి సైబర్ కేఫ్ నియమాలు ప్రతి వినియోగదారుని గుర్తింపు పత్రాన్ని చూడాలనీ, వారు తెరచిన పుటల వివరాలను కనీసం ఏడాదిపాటు భద్రపరచాలనీ ఆదేశించాయి. చవకైన ఫోన్లు వచ్చాక ఆ నమోదుల పని తగ్గింది గాని గమనింపు తగ్గలేదు, దాన్ని ఫేస్‌బుక్ వంటి సంస్థలు ప్రకటనల వ్యాపారంగా మలచుకున్నాయి.

ఆ వ్యాపారం ఎంత దూరం పోగలదో 2018లో కేంబ్రిడ్జ్ అనలిటికా అనే సంస్థ ఉదంతం చూపింది. భారతదేశంలో ఫేస్‌బుక్ సమాచారాన్ని ఆ సంస్థకు చేరవేసిన యాప్‌ను పెట్టుకున్నవారు 335 మందే అయినా, వారితో, వారి స్నేహితులతో కలిపి మొత్తం 5,62,455 మంది సమాచారం బయటికి పోయి ఉండవచ్చని ఫేస్‌బుక్ స్వయంగా తెలిపింది. అంతకుముందు ఏడాదే, 2017 ఆగస్టు 24న, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది.

ఫేస్‌బుక్ వంటి వేదికలకు ప్రత్యామ్నాయాలు అప్పటికే పుట్టి ఉన్నాయి. 2010లో న్యూయార్క్ విద్యార్థులు నలుగురు ‘డయాస్పోరా’ను ప్రారంభించగా, 2016లో జర్మనీలో ఆయిగెన్ రోష్కో ‘మాస్టోడాన్’ను విడుదల చేశారు. మాస్టోడాన్‌ను ఎవరైనా తమ సర్వరులో స్థాపించుకోవచ్చు, ఒక సర్వరులోని వారు మరొక సర్వరులోని వారిని అనుసరించవచ్చు. సర్వర్ల మధ్య ఈ రాకపోకలకు ఆధారమైన నియమావళి ‘యాక్టివిటీపబ్’ను 2018 జనవరిలో ప్రపంచవ్యాప్త వెబ్ కన్సార్టియం ప్రమాణంగా ఆమోదించింది. ఇది యూజ్‌నెట్ పద్ధతికి దగ్గరి చుట్టమే. తెలుగు నేలపై ఇలాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఆలోచనకు పునాది వేసిన సంస్థలలో 2005లో ఏర్పడిన ‘స్వేచ్ఛ’ ముఖ్యమైనది. ఎవరైనా చదివి, మార్చి, పంచుకోగల సాఫ్ట్‌వేర్‌ను ఇంజనీరింగ్ విద్యార్థులకు పరిచయం చేస్తూ, తెలుగులోనే పనిచేసే కంప్యూటర్ వ్యవస్థను ఆ సంస్థ సిద్ధం చేసింది.

ఈ ప్రత్యామ్నాయాలకు వలసలు మాత్రం సిద్ధాంతం కన్నా కోపం వల్లనే జరిగాయి. 2019 చివర్లో న్యాయవాది సంజయ్ హెగ్డే ఖాతాను ట్విట్టర్ నిలిపివేసినప్పుడు ఎందరో భారతీయులు మాస్టోడాన్‌కు తరలగా, 2021 జనవరిలో వాట్సాప్ కొత్త గోప్యతా విధానం ప్రకటించగానే మరెందరో సందేశాల యాప్ సిగ్నల్‌ను ఆశ్రయించారు. మాస్టోడాన్, సిగ్నల్ రెండింటినీ ఒకే గాటన కట్టడం పొరపాటు. సిగ్నల్‌లో సందేశాన్ని పంపినవారూ అందుకున్నవారూ తప్ప మూడోవారు చదవలేరు, కానీ సర్వర్లను నడిపేది ఒకే సంస్థ. మాస్టోడాన్‌లో అధికారం పంచబడి ఉంది, కానీ అక్కడి ఆంతరంగిక సందేశాలను సర్వరు నిర్వాహకుడు చూడగలడు.

ఇన్ని తెలిసినా జనం కదలకపోవడానికి అజ్ఞానాన్ని నిందించడం అన్యాయం. కుటుంబ బృందమూ కాలనీ సంఘమూ వాట్సాప్‌లోనే ఉన్నప్పుడు ఒంటరిగా వెళ్లినవారికి మాట్లాడేందుకు మనిషే దొరకడు. పైగా చిన్న సర్వర్లు స్వచ్ఛంద సేవకుల శ్రమ మీదా విరాళాల మీదా నడుస్తాయి, నడిపేవారు అలసిపోతే మూతపడతాయి. మాస్టోడాన్‌లో ఖాతా మార్చుకున్నప్పుడు అనుచరులు వెంట వస్తారు గాని, పాత రాతలు పాత సర్వరులోనే ఉండిపోతాయి.